హ్యాండ్‌బ్రేకు, చెక్కదిమ్మ

మా బావగారి కారుకు హ్యాండ్‌బ్రేకు లేదు. లేదంటే, కర్ర ఉంది. లాగితే కిర్రుమని పైకి వచ్చేది, నొక్కితే కిందికి పోయేది. ఆ కర్ర నుంచి వెనక చక్రాల దాకా పోవలసిన తీగ మాత్రం ఎప్పుడో తెగిపోయింది. తీగ చేయవలసిన పని ఒక తుమ్మచెక్క దిమ్మ చేసేది. ఒక పక్క ఏటవాలుగా చెక్కిన ఆ దిమ్మ డ్రైవరు సీటు కింద ఉండేది. కారు ఎక్కడ ఆగినా బావగారు దిగుతూనే దాన్ని అందుకుని వెనక చక్రం కింద పెట్టి, కాలితో ఒక్క తాపు తన్నేవారు. చూడనైనా చూసేవారు కాదు. గుమ్మం దిగి చెప్పుల్లో కాళ్లు దూర్చినట్టు చేసేవారు.

మా కోనసీమంతా అరచేయిలా చదును. బండి దానంతటది జారే చోట్లు రెండే: ఏటిగట్టో కాలవగట్టో ఎక్కే దారి, రేవులో గోదారి దాటించే పంటు దగ్గరకు దిగే దారి. ఆ రెండు చోట్లా చెక్కదిమ్మ ఉంటే చాలునని మా వైపు టాక్సీవాళ్లందరి సిద్ధాంతం. సిద్ధాంతం అన్న మాట వాళ్లది కాదు, నాది. వాళ్లు దాన్ని అలవాటు అనేవారు. ఎదురు ప్రశ్న పడనంత కాలం అలవాటే సిద్ధాంతంలా పెత్తనం చేస్తుందని నేను ఆ రోజుల్లో సభల్లో చెబుతూ తిరిగేవాణ్ణి. డెబ్భైల చివర అది. పగలు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. సాయంత్రమైతే ఎక్కడ ముహూర్తం లేని పెళ్లి జరిగినా, ఎక్కడ బాబాల మీద చర్చ పెట్టినా అక్కడ ఉండేవాణ్ణి. కాలు ఒకచోట నిలిచేది కాదు.

బావగారి కారు సంగతి చెప్పాలి. అది పెట్రోలు కారుగా పుట్టింది. పెట్రోలు ధర పెరిగేసరికి ఆయన రాజోలులో ఒక షెడ్డులో ఆ ఇంజను పీకించి, ఏదో వ్యాను నుంచి తీసిన డీజిలు ఇంజను పెట్టించారు. దాంతో కారు కదిలితే వీధి చివరి దాకా వరి మర ఆడుతున్నట్టు వినిపించేది. ఆ తరువాత వెనక సామాను పెట్టుకునే చోట రేకు కోయించి, ఒక బల్ల బిగించి, పైన టార్పాలిను కట్టించారు. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు పోతున్న దారిని చూడలేరు, పోయిన దారిని చూస్తారు. కొబ్బరికాయల బేరగాళ్లూ, బుట్టలతో ఆడవాళ్లూ, నరసాపురం ఆసుపత్రికి వెళ్లే రోగులూ దాని మీదే ప్రయాణం. మలికిపురం నుంచి సఖినేటిపల్లి రేవుకు, రేవు నుంచి మళ్లీ మలికిపురానికి. మా అక్క సంసారం ఆ కారు మీదే నడిచేది.

ఇవేవీ చట్టం ఒప్పుకోదు. ఇంజను మారిస్తే అధికారులకు చెప్పి అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీ పుస్తకంలో ఆ మార్పు ఎక్కించుకోవాలి. బండి ఒళ్లు కోసినా అంతే. ఎందరు కూర్చోవచ్చో అందులో రాసి ఉంటుంది. ఏటేటా బండిని బ్రేకినస్పెక్టరుకు చూపించి, రోడ్డు మీద తిరగడానికి తగినదేనని ఎఫ్‌సీ పుచ్చుకోవాలి. మోటారు వాహనాల ఇనస్పెక్టర్ని మా వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు, బ్రేకినస్పెక్టరే. మిగతావన్నీ మానేసినా బ్రేకు చూడవలసిన మనిషి అని ఆ పేరులోనే ఉంది.

చూపించేవారు, ఎందుకు చూపించరు? కానీ ఎలా చూపించేవారంటే, టాక్సీ స్టాండులో అందరికీ కలిపి ఒక జత సామాను ఉండేది. మంచి టైర్లు, మోగే హారను, వెలిగే దీపాలు, తెగని హ్యాండ్‌బ్రేకు తీగ. ఎవరి బండికి ఎఫ్‌సీ గడువు వస్తే వాళ్లు ఆ సామాను తగిలించుకుని అమలాపురం వెళ్లేవారు. పాసై వచ్చాక విప్పి తరువాతివాడికి ఇచ్చేసేవారు. ఊళ్లో పెళ్లికి పట్టు పంచె అరువిచ్చినట్టు. ఏటా ఆఫీసువారు అవే టైర్లను, అదే తీగను పరీక్ష చేసేవారు, ఇంజను జోలికీ వెనక బల్ల జోలికీ పోయేవారు కాదు. ఆ సామాను ఎన్నిసార్లు పాసైందో! కార్లు మాత్రం ఒక్కసారీ పరీక్షకు వెళ్లలేదు.

నేను మండిపడేవాణ్ణి. స్టాండులో నిలబడి అడిగేవాణ్ణి. "పిల్లాడు పరీక్షకి పక్కవాడి బుర్ర తగిలించుకుని వెళ్తే ఊరుకుంటామా?"

"బుర్ర విప్పడానికి రాదండి మేష్టారూ, టైరైతే వస్తది" అనేవాడు ఒకడు. అందరూ నవ్వేవారు. బావగారు కూడా.

ఆ నవ్వు ఒకరోజు రేవులో వినలేకపోయాను.

నేను నరసాపురంలో ఒక చర్చకు వెళ్లడానికి సఖినేటిపల్లి రేవులో పంటు కోసం చూస్తున్నాను. అవతలి ఒడ్డు నుంచి పంటు ఇంకా బయలుదేరలేదు. దిగుడు దారిలో ఒక టాక్సీ ఆగి ఉంది. నిండా కొబ్బరికాయలు. మనుషులందరూ దిగి టీ తాగుతున్నారు. చక్రం కింద దిమ్మ ఉంది. రాత్రి పడ్డ వానకు దారి జారుగా ఉందేమో, దిమ్మ మెల్లగా పక్కకు తప్పుకుంది. కారు ఎవరినీ అడగకుండా బయలుదేరింది. తొందరేమీ లేనట్టు దిగి, ముందు చక్రాలు మునిగేదాకా గోదాట్లోకి వెళ్లి ఆగింది. కాయలు ఒక్కొక్కటే తేలి దిగువకు పోసాగాయి. రేవంతా నవ్వు. పడవలవాళ్లు కాయలు ఏరుకుంటున్నారు.

నాకు నవ్వు రాలేదు. ఆ బండి అంతకు కొద్ది రోజుల ముందే ఎఫ్‌సీ పుచ్చుకుంది. స్టాండు తీగతో పాసై, ఆ తీగ విప్పి ఇచ్చేసింది. మనుషులు లోపల ఉండగా ఇదే జరిగి ఉంటే? బల్ల మీద కూర్చున్నవాళ్లు తాము నీళ్లలోకి పోతున్న సంగతి చివరిదాకా చూడనైనా చూడరు కదా!

యజమాని మోకాలి లోతు నీళ్లలో నిలబడి బంపరు వైపు చూపించాడు. అక్కడ దారానికి గుచ్చిన నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి.

"ఎండిపోయేయండి" అన్నాడు విచారంగా. "మొన్న అమాసకి మార్చలేదు. అదీ కారణం."

"తీగ లేకపోవడం కారణం" అన్నాను.

"తీగ ఎవరికుందండీ?" అన్నాడు. "అందరి కార్లూ పడ్డాయా? నాదే పడింది."

ఈ వాదనకు జవాబు చెప్పడం ఎంత కష్టమో వాదించినవారికే తెలుసు. ఆరోజు నరసాపురం చర్చలో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. పంటు మీద వెళుతున్నంతసేపూ, వస్తున్నంతసేపూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

సరిగ్గా అప్పుడే బావగారి కారుకు ఎఫ్‌సీ గడువు దగ్గరపడింది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి బావగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరవకముందే చెయ్యెత్తారు.

"ఉపన్యాసం వద్దండి బావమరిదిగారూ. ఆ సామాను నేను తగిలించుకోను."

నేను తెల్లబోయాను. ఆయన మారిపోయారా?

"మీ అక్క వద్దందండి. ఆ తీగ అచ్చిరాలేదంట. అది తగిలించుకున్న బండేగా గోదాట్లో పడింది! స్టాండులో ఎవడూ ముట్టుకోడం లేదు. కొత్త తీగ కొనేశాను."

చూశారా? నేను ఏళ్ల తరబడి చెప్పిన మాట ఒకటీ ఆయన చెవికి ఎక్కలేదు. తీగకు దోషం అంటగట్టగానే కొత్త తీగ వచ్చేసింది. సరైన పని, బొత్తిగా తప్పుడు కారణంతో. సంతోషించాలా, తిట్టాలా? తిట్టాను. ఇవాళ అచ్చిరాలేదని మంచి తీగ కొన్న మనిషి, రేపు అచ్చొచ్చిందని చెడ్డ టైరు ఉంచుకుంటాడు. చేసిన పని ఒక్కటే చూస్తే చాలదు, ఎందుకు చేశాడో కూడా చూడాలి. ఇదంతా అరుగు మీద నిలబడి చెప్పాను.

అక్క లోపలి నుంచి వచ్చి నన్ను దొడ్లోకి తీసుకుపోయింది. గంజి వంచిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ మెల్లగా అంది.

"ఒరేయ్, నువ్వు గొడవ చెయ్యకు. ఈయనకి పాస్‌పోర్టు వచ్చింది. ఆ ఏజెంటు చూశావా, మలికిపురంలో, మస్కట్‌కి డ్రైవర్లని పంపేవాడు? వాడిది కబురు మీద కబురు. కారు పాసవ్వకపోతే ఈయన విమానం ఎక్కేస్తానంటున్నారు. మూడో ఇంటివాడు వెళ్లి ఎన్నాళ్లయింది? వాళ్ల చిన్నది టేపు రికార్డర్లో వాళ్ల నాన్న గొంతు విని, ఆ పెట్టె వెనక మనిషి ఉన్నాడేమోనని వెతుకుతుందిరా. నాకు ఆ పెట్టె వద్దు. కారు పాసవ్వాలి. అంతే."

"ఇంజను మార్చినట్టు రాయించలేదు. వెనక బల్ల ఉంది. నిజంగా చూస్తే ఎలా పాసవుతుందే?"

"అయితే నిజంగా చూడొద్దని మొక్కుకుంటాను" అంది అక్క. నవ్వలేదు.

దొడ్డంతా తిరిగాను. తనిఖీ కావాలని అరిచేవాణ్ణి నేను. ఆ తనిఖీ సరిగ్గా జరిగితే ఇల్లు ఖాళీ అయ్యేది మా అక్కది.

బావగారితో పాటు నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే ఇంట్లో కూర్చోలేక. గన్నవరం మీదుగా అమలాపురం వెళ్లాం. ఆ ఇంజను మోత మాట్లాడనివ్వదు. బంపరుకు కొత్త నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. బయలుదేరేటప్పుడు నేను విప్పబోతే బావగారు, "తీగ మీ వాటా, కాయలు నా వాటా. ఎవరిది వారిదండి" అన్నారు.

బండ్లు వరసగా ఆగి ఉన్న ఖాళీ స్థలంలో బ్రేకినస్పెక్టరు గారు ఒక్కొక్కటీ చూస్తున్నారు. సన్నటి మనిషి, గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నారు. మా కారు వచ్చి ఆగే మోతకే ఇటు తిరిగారు.

"ఇది పెట్రోలు బండి కదండీ?"

"ఆయ్."

"మరి వరి ఆడిస్తన్నట్టుందేంటండీ?"

బావగారు నేల చూపులు చూశారు. ఇనస్పెక్టరు గారు వెనక్కి నడిచి బల్లను గొడుగుతో తట్టి చూశారు. ఆ తట్టుడుకే నాకు భయం వేసింది. డ్రైవరు పక్కన కూర్చుని, "పదండి, గట్టెక్కిద్దాం" అన్నారు. నేను వెనక సీట్లో ఎక్కాను.

కాలవగట్టు ఎక్కే దారి మధ్యలో ఆపమన్నారు. "ఇంజను ఆపండి. హ్యాండ్‌బ్రేకు లాగండి. దిగండి."

బావగారు ఇంజను ఆపారు. కర్ర లాగారు. కొత్త తీగ కదా, గట్టిగా బిగిసింది, ఆ చప్పుడులోనే తెలిసింది. గర్వంగా తలుపు తీశారు. దిగుతూనే వంగి, సీటు కింద నుంచి చెక్కదిమ్మ తీసి, వెనక చక్రం కింద పెట్టి ఒక్క తాపు తన్నారు.

తన్నాక గానీ ఆయనకు తెలియలేదు ఏం చేశారో.

ఇనస్పెక్టరు గారు దిగి వచ్చి దిమ్మను చూశారు. "బ్రేకు ఉందన్నారు?"

"ఉందండి! కొత్తదండి! మొన్నే ఏసేం!"

"మరి దీనికి పనేంటండీ ఇక్కడ?"

"అలవాటండి."

"మీకే నమ్మకం లేని బ్రేకుని నన్ను నమ్మమంటారా?"

నేను దిగి అడ్డం వెళ్లాను. బ్రేకు నిజంగా కొత్తదేనని, దిమ్మ తీసి చూడండని అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూశారు.

"తమరెవరండీ?"

"బావమరిదినండి. మేష్టర్ని."

"ఏం చెబుతారు?"

"లెక్కలండి."

"బండి ఆగుతుందంటారా?"

"ఆగాలండి."

"ఆగాలి అంటే లెక్క ప్రకారమా, నమ్మకం ప్రకారమా?" అని నవ్వి, తలుపు తీసి పట్టుకున్నారు. "వెళ్లి కూర్చోండి. కాలి బ్రేకు ముట్టుకోకండి. దిమ్మ నేను తీస్తాను."

జీవితమంతా పరీక్షించి నమ్మాలని చెప్పినవాణ్ణి నేను. వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వెనక గట్టు కింద పిల్లకాలవ నిండుగా పారుతోంది, అద్దంలో కనిపిస్తోంది. ఇనస్పెక్టరు గారు వంగి దిమ్మ లాగేశారు. కారు ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, ఆగింది. నా కాలు దానంతటది పెడలు వైపు పోతోంది, రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాను. బయట బావగారు రెండు చేతులూ వెనక చక్రం వైపు చాపి, పిల్లవాడు పడిపోతుంటే పట్టుకోబోయే మనిషిలా నిలబడి ఉన్నారు. కారు కదల్లేదు. తీగ పట్టి నిలిపింది.

"బ్రేకు బాగుందండి" అన్నారు ఇనస్పెక్టరు గారు. బావగారి ముఖం వెలిగేలోపే అన్నారు, "బండి బాగోలేదు. ఈ బల్ల విప్పేయండి. రేకు మూయించండి. ఇంజను మార్పు రాయించుకోండి. అప్పుడు తీసుకురండి. అందాకా రోడ్డెక్కించకండి."

ఆయన చేయి చాపలేదు, కసరలేదు, సణగలేదు. చూడవలసినవి చూసి చెప్పవలసింది చెప్పారు. నేను పదేళ్లుగా కోరుకుంటున్న తనిఖీ ఇదే. దణ్ణం పెట్టాలనిపించింది, అక్కను తలుచుకుంటే ఏడుపూ వచ్చింది.

ఇంటికి రాగానే బావగారు దిమ్మను అరుగు మీద పడేసి, "మస్కటే" అన్నారు. పెట్టె దింపి పాస్‌పోర్టు తీసి జేబులో పెట్టుకున్నారు.

అక్క అరుగు మీది దిమ్మ తీసుకుని దొడ్లోకి వెళ్లింది. నీళ్ల పొయ్యిలో పెట్టింది. తుమ్మచెక్క కదా, బాగా మండింది. తిరిగి వచ్చి పానా అడిగింది. ఎందుకన్నా వినలేదు. కారు వెనక్కి వెళ్లి బల్ల మరలు తనే తిప్పడం మొదలుపెట్టింది. ఒకటి రాలేదు, పళ్లు బిగబట్టి వేలాడింది.

బావగారు కాసేపు చూశారు. "ఆ మర అటు తిరగదే" అన్నారు. మళ్లీ కాసేపు చూశారు. "ఇలా ఇవ్వు."

వంగినప్పుడు అడ్డం వస్తోందని జేబులో పాస్‌పోర్టు తీసి అక్క చేతికిచ్చారు. అక్క దాన్ని బొడ్లో దోపుకుంది. నేను నిలబడి చూస్తున్నాను. ఎంతమందిని ఎన్ని వాదాలతో ఒప్పించబోయానో! ఈ వాదానికి ఒక్క వాక్యం లేదు.

ఇంజను మార్పు రాయించే పని నేను నెత్తిన వేసుకున్నాను. బడి కాగానే సైకిలెక్కడం, ఫలానావారు లేరనిపించుకుని రావడం, మళ్లీ వెళ్లడం. రేకు మూయించేసరికి, ఇంజను రాయించేసరికి కారు చాలాకాలం పాకలోనే ఉండిపోయింది. ఏజెంటు కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఆ రోజుల్లో తలుపు చప్పుడైతే చాలు, అక్క ముందు బొడ్లోని పాస్‌పోర్టు తడుముకునేది.

రెండోసారి వెళ్లేటప్పుడు అక్క కూడా ఎక్కింది. అదే గట్టు, అదే మనిషి, చంకలో అదే గొడుగు. బావగారు కర్ర లాగి దిగారు. ఆయన చేయి సీటు కిందికి పోయింది. ఖాళీ. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక మీసం దువ్వుకున్నారు. లోపల అక్క కదలకుండా కూర్చుని ఉంది. దిగమన్నా దిగలేదు. ఆమె అక్కడ కూర్చుని ఉండగా కారు నిలిచింది. పాసైంది.

స్టాండులో మిగతా బండ్లు మారాయా? మారలేదు. అచ్చిరాని తీగ స్థానంలో అందరూ కలిసి ఇంకో తీగ కొన్నారు, మళ్లీ వంతులే. నేను మళ్లీ వెళ్లి అరిచాను. "మీ బావగారు వెనక బల్ల మీది నలుగురి బేరం పోగొట్టుకున్నారు, మేం పోగొట్టుకోలేమండి" అన్నారు. వాళ్ల లెక్క అది. నా లెక్కలో ఆ నలుగురూ పోలేదు, మిగిలారు. ఈ రెండు లెక్కలూ ఆనాడు కలవలేదు, ఈనాడూ కలవడం లేదు. ఎక్కడైనా ఒళ్లు పెంచిన బండి, కిందికి దించేసిన బండి, రంగుదీపాల బండి కనబడితే వెనక్కి తిరిగి దాని చక్రాల వైపు చూస్తాను. ఆ చూపు నాకు రేవులో పట్టుకుంది, వదల్లేదు.

పాసయ్యాక మొదటిసారి నరసాపురం బేరం వచ్చింది. అక్కా నేనూ కూడా ఎక్కాం. సఖినేటిపల్లి రేవులో దిగుడు దారి మీద బావగారు కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, దిగారు. అటూ ఇటూ చూశారు. దారి పక్కన ఎవరో దించిన కొబ్బరికాయల రాశి ఉంది. ఒలవని కాయ ఒకటి చంకన పెట్టుకు వచ్చి, చక్రం కింద దూర్చి, ఒక్క తాపు తన్నారు.

నాకు ఒళ్లు మండింది. "బావగారూ! బ్రేకు ఉందిగా! ఇనస్పెక్టరు చూశాడు, నేను కూర్చున్నాను, మీ ఆవిడ కూర్చుంది! ఇంకా ఇదేమిటండీ?"

"ఉంటే ఉందండి" అన్నారాయన టీకొట్టు వైపు నడుస్తూ. "కాయ ఏమన్నా అడ్డమొచ్చిందా?"

వెంట పడబోయాను. ఇది మూఢనమ్మకం కాదు, రెండో జాగ్రత్త కూడా కావచ్చునని సగం దారిలో తోచింది. కాదు, పరీక్షలో నెగ్గిన బ్రేకును నమ్మకపోవడం కూడా మూఢత్వమేనని మరో నాలుగడుగుల్లో తోచింది. తిరిగి వచ్చాను. మళ్లీ వెళ్లబోయాను.

అక్క కిటికీలోంచి చెయ్యి చాపి నా చొక్కా పట్టుకుంది.

"పెట్టుకోనీరా" అంది. టీకొట్టు దగ్గర ఎవరితోనో నవ్వుతున్న బావగారి వైపు చూస్తూ అంది. "ఇక్కడే ఉన్నారుగా."